మేం వినే పాట

ముస్లిం అనగానే మీకు ఏ పాట వినపడుతుంది? ఖవ్వాలీ. కాదంటే గజల్. అదీ కాదంటే సినిమాలో సాయిబు పాత్ర టోపీ పెట్టుకుని దర్గా ముందు చేతులు చాపి పాడే పాట. మేం ఏ ఆఫీసుకు పోయినా, ఏ దోస్తు పెళ్ళికి పోయినా ఎవరో ఒకరు అంటారు: 'మీవాళ్ళు ఖవ్వాలీలు బాగా పాడతారండీ.' పాడతారు, కాదనం. కానీ బుర్రకథను ఊరూరా తిప్పిన షేక్ నాజర్ కూడా మావాడే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, నాదస్వరం పట్టుకుని శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా కూడా మావాడే. వాళ్ళ గురించి చెప్పేటప్పుడు మాత్రం 'ముస్లిం అయ్యుండి కూడా' అని ఒక ముక్క తగిలిస్తారు. ఆ 'కూడా' మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బడిలో తెలుగులో ఎక్కువ మార్కులొస్తే 'ముస్లిం అయ్యుండి కూడా'. మా అమ్మీలు బతుకమ్మ చూడ్డానికి చెరువుకట్ట దాకా పోతే 'ముస్లింలు కూడా'.

అట్లాంటిది మేం రాక్ బ్యాండ్ వింటామంటే నమ్మేదెవరు?

మేమంటే ఇక్కడ నలుగురం. వరంగల్ మండీబజార్ గల్లీల్లో పెరిగినవాళ్ళం. ఒకరి అబ్బా ఆటో తోలేవాడు. ఒకరి అబ్బా అజంజాహీ మిల్లులో పనిచేసినవాడు. ఒకరిది దర్జీ దుకాణం. ఇంకొకరి అబ్బా ఉర్దూ మీడియం బడిలో పంతులు. ఆ పంతులు కొడుకే బి.ఏ. చదివి ముందు ఉర్దూ పత్రికలో, తర్వాత తెలుగు పత్రికలో పనికి కుదిరాడు. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ చెయ్యే. కానీ మాటలు నలుగురివీ.

మొదట మా చేతికొచ్చింది జునూన్. లాహోర్లో పుట్టిన బ్యాండ్. గిటార్ సల్మాన్ అహ్మద్, గొంతు అలీ అజ్మత్, బేస్ గిటార్ వాయించే బ్రయాన్ ఓకానెల్ అమెరికావాడు. 1997లో వాళ్ళ 'ఆజాదీ' ఆల్బం వచ్చింది. అందులోని 'సయోనీ' పాట మన టీవీల్లోనూ మోగింది. మాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఇంట్లో విన్న సూఫీ మాటే గిటార్ మీద ఉరుముతూ వస్తే ఒళ్ళు ఝల్లుమంది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని నాలుగిళ్ళల్లో విన్నాం.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ఒక పొద్దున మాలో ఒకరి అమ్మీ ఆ క్యాసెట్ తీసి, రీలు మొత్తం లాగి, పొయ్యిలో పెట్టేసింది. 'ఇంట్లో ఇదొద్దు బేటా. ఎవరన్నా చూస్తే?' అంది. ఆమె పాట మీద కోపంతో ఆ పని చేయలేదు. భయంతో చేసింది. క్రికెట్ మ్యాచ్ రోజున కిటికీలు మూసి టీవీ చూసే ఇళ్ళు మావి. చిత్రం ఏమిటంటే, 1998లో అణుపరీక్షలను తప్పుపట్టినందుకు జునూన్‌ను పాకిస్తాన్ ప్రభుత్వం తన టీవీలో, రేడియోలో వినపడకుండా చేసింది. అక్కడ వాళ్ళు ద్రోహులు. ఇక్కడ వాళ్ళ పాట విన్న మేం ద్రోహులం. సరిహద్దుకు రెండు వైపులా ఒకే క్యాసెట్ మీద నేరం పడింది.

2000లో ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 'కందీసా' ఆల్బం వచ్చింది. హన్మకొండ చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం ముందు ఒకటే స్పీకర్. అందులో అది మోగుతుంటే మేం సైకిళ్ళు దిగి నిలబడిపోయాం. మాకు పదిహేడేళ్ళు. నలుగురం డబ్బులు పోగేసి కొన్నాం. వారానికొకరి ఇంట్లో ఉండాలని ఒప్పందం. అందులో ఏడు పాటలు. 'మా రేవా' నర్మద ఒడ్డు పాట. ఆ పాటను బ్యాండ్‌లోకి తెచ్చిన రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో కొన్నేళ్ళు తిరిగినవాడు. 'హిల్లే లే' విప్లవ కవి గోరఖ్ పాండే రాసింది. వరంగల్ పిల్లలం మేం. గోడల మీద ఎర్ర అక్షరాలు చదువుతూ అక్షరాలు నేర్చినవాళ్ళం. ఆ పాట భాష సగమే అర్థమైనా, దాని నడక మాకు పూర్తిగా తెలుసు.

ఇక 'కందీసా'. ఏ భాషో తెలియదు. పంతులుగారి ఇంట్లో వింటుంటే ఆయన కళ్ళజోడు తీసి, 'మళ్ళీ పెట్టండి' అన్నాడు. దేవుణ్ణి పిలిచే మాట దగ్గర చెయ్యెత్తి ఆపించాడు. 'అలాహా అంటున్నారు. విన్నారా? ఇది అరబ్బీ కాదు, దాని చుట్టం.' తర్వాత తెలిసింది, అది కేరళ సిరియన్ క్రైస్తవులు ప్రార్థనలో పాడే అరామిక్ పాట అని. కందీసా అంటే పవిత్రుడు. మేం తస్బీ తిప్పుతూ తల్చుకునే అల్లా పేర్లలో 'ఖుద్దూస్' ఒకటి. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. ఢిల్లీ కుర్రాళ్ళు మలయాళ చర్చి పాట పాడితే, మండీబజార్ ఇంట్లో ఒక ఉర్దూ పంతులు అందులో తన దేవుడి పేరు పట్టుకున్నాడు. మాకు ఆనాడు ఎవరూ సెక్యులరిజం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ అవసరమూ పడలేదు.

కాలేజీలో ఈ సంగతి చెబితే ఒక క్లాస్‌మేట్ భుజం తట్టాడు. 'మంచిది. ఇండియన్ అనే పేరున్న బ్యాండే పట్టుకున్నారు' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వాం. కానీ ఆ నవ్వు గొంతులో దిగలేదు. జునూన్ వింటే అనుమానం, ఇండియన్ ఓషన్ వింటే సర్టిఫికెట్. మా చెవులు కూడా పోలీస్ వెరిఫికేషన్‌కు పోవాలన్నమాట.

వాళ్ళను మొదటిసారి కళ్ళారా చూసింది 2002 చివర. గుజరాత్ జరిగిన ఏడాది. ఆ ఏడంతా మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు 'ఎక్కడికి పోతున్నారు, ఎప్పుడొస్తారు' అని రెండుసార్లు అడిగేవారు. హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఉత్సవంలో ఇండియన్ ఓషన్ వస్తోందని తెలిసి, చుట్టాలింట్లో పెళ్ళి ఉందని చెప్పి, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. మైదానంలో వేల మంది. వేదిక మీద నలుగురే. సుస్మిత్ సేన్ గిటార్. రాహుల్ రామ్ బేస్. అమిత్ కిలమ్ డ్రమ్స్. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడుతున్నాడు. చేతులు ఒక లెక్కలో, గొంతు ఇంకో లెక్కలో. మా ఊళ్ళల్లో పీర్ల పండుగ నాడు అలావా చుట్టూ డప్పుకు ఎగిరినవాళ్ళం కదా, కాళ్ళు వాటంతటవే లేచాయి. పక్కనున్నవాడు మా భుజాల మీద చెయ్యేసి ఎగిరాడు. మా పేరు అడగలేదు. మేమూ వాడి పేరు అడగలేదు. ఆ ఏడాది మొత్తంలో పేర్లు లేకుండా మేం బతికింది ఆ రెండు గంటలే.

తర్వాత జీవితం నలుగురినీ నాలుగు దిక్కులకు తోలింది. ఒకరు దమ్మాం పోయారు, ఏసీ మెకానిక్‌గా. ఒకరు హైదరాబాద్ టోలీచౌకీలో హార్డ్‌వేర్ దుకాణం పెట్టారు. ఒకరు వరంగల్‌లోనే ఉండి అబ్బా దుకాణం నడుపుతున్నారు. ఒకరు పత్రికలో.

2007 ఫిబ్రవరిలో 'బ్లాక్ ఫ్రైడే' సినిమా విడుదలైంది. 1993 బొంబాయి పేలుళ్ళ కథ. కేసు నడుస్తోందని కోర్టు ఆపడంతో రెండేళ్ళు ఆగిన సినిమా. పాటలు ముందే వచ్చేశాయి. అందులో పీయూష్ మిశ్రా రాసిన 'బందే' ఇండియన్ ఓషన్‌ది. బందా మా ఇంటి మాట. అల్లా కా బందా అంటాం. ఆ పాట ఏ మతాన్నీ పేరు పెట్టి పిలవదు, మనిషినే పిలుస్తుంది. అదే ఏడాది మే 18న, శుక్రవారం నాడు, మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయింది కూడా పాతబస్తీ ముస్లిం పిల్లలనే. తర్వాత కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలిపెట్టాయి. పత్రికలో పనిచేసే మా దోస్తు ఆ రోజుల్లో ఆ ఇళ్ళకు తిరిగాడు. ఉర్దూలో విని తెలుగులో రాయాలి. అమ్మలు ఉర్దూలో ఏడ్చిన ఏడుపు తెలుగులో నాలుగు వాక్యాలయ్యేది. రాత్రి బండి మీద ఇంటికొస్తుంటే చెవిలో 'బందే' మోగేది. ఆ పాట వల్ల ఏ కేసూ తేలలేదు. పొద్దున లేచి మళ్ళీ ఆ గల్లీలకు పోవడానికి కాళ్ళు మాత్రం వచ్చాయి.

2009 డిసెంబర్ 25న అషీమ్ చక్రవర్తి పోయాడు. గుండె ఆగింది. దమ్మాం నుంచి ఫోనొచ్చింది. ఎవరం ఎక్కువ మాట్లాడలేదు. 2013లో సుస్మిత్ సేన్ బ్యాండ్ వదిలేశాడు. 1990లో బ్యాండ్ మొదలుపెట్టింది ఈ ఇద్దరే. ఇక అయిపోయింది అనుకున్నాం.

అయిపోలేదు. 2023లో 'తూ హై' ఆల్బం తెచ్చారు. 2024లో హైదరాబాద్ వచ్చారు. ఈసారి మైదానం కాదు, మాదాపూర్ వైపు ఒక హాలు. టికెట్ ఫోన్‌లో. టికెట్ మీద పేరు. గేటు దగ్గర కుర్రాడు పేరు చదువుతాడేమో అని అలవాటుగా వాడి ముఖం చూశాం. వాడు చదవలేదు, నలుపు గళ్ళు మాత్రం స్కాన్ చేసి పంపించాడు. నలభై దాటిన మనుషులం. ఒకరికి షుగరు, ఒకరికి మోకాలు నొప్పి. లోపలికి పోగానే కుర్చీలున్నాయా అని వెతుక్కున్నాం. వెంట పదిహేడేళ్ళ బిడ్డ. నెరిసిన జుట్టుతో రాహుల్ రామ్ వేదిక మీదికి రాగానే, 'అబ్బా, మీ బ్యాండ్‌వాళ్ళు ఇంత పెద్దవాళ్ళా?' అంది.

మొదటి పాట మేం సరిగా వినలేదు. నిజం చెప్పాలంటే మా చెవులు అషీమ్ గొంతునే వెతికాయి. పాడుతున్నది హిమాంశు జోషి. తబలా ముందు తుహీన్ చక్రవర్తి. గిటార్ నిఖిల్ రావు. పాతవాళ్ళు రాహుల్, అమిత్ ఇద్దరే. వరంగల్ నుంచి వచ్చిన దోస్తు చెవిలో అన్నాడు: 'వీళ్ళు వాళ్ళు కాదురా.' రెండో పాటకూ అదే లెక్క. ఇక్కడ ఇట్లా ఉండాలి, అక్కడ అట్లా ఉండేది. పక్కకు తిరిగి చూస్తే బిడ్డ కళ్ళు మూసుకుని పాడుతోంది. ప్రతి మాటా తెలుసు. ఆమె అషీమ్‌ను చూడలేదు. ఆమెకు ఇదే ఇండియన్ ఓషన్. ఆమె వింటున్నదాంట్లో ఎవరూ తక్కువ లేరు.

'కందీసా' మొదలయ్యేసరికి మేం వెతకడం మానేశాం. కొత్త గొంతు ఆ పాటను తన దారిలో తీసుకుపోయింది. మేం వెంట పోయాం. దమ్మాంకు ఫోన్ కలిపి పైకెత్తి పట్టుకున్నాం. అక్కడ ఏం వినపడిందో ఏమో, పాట అయిపోయేదాకా అతను పెట్టెయ్యలేదు.

నాలుగో దోస్తు సంగతి చెప్పాలి. టోలీచౌకీ దోస్తు. అతను పదేళ్ళ కింద జమాత్‌లో తిరగడం మొదలుపెట్టాడు. గడ్డం పెంచాడు. సంగీతం మానేశాడు. ఆ రోజు తన కారులో మమ్మల్ని హాలు దాకా దించి, 'నేను రాను. మీరు పోయి రండి' అన్నాడు. మూడు గంటలు దగ్గర్లోని మసీదులో ఇషా నమాజు చదువుకుని, ఇరానీ హోటల్లో కూర్చుని మా కోసం ఆగాడు. బయటికొచ్చి కారెక్కినాక, కొంచెం దూరం పోయాక అడిగాడు: 'కందీసా పాడారా?'

'పాడారు.'

'అచ్ఛా' అన్నాడు. అంతే. గేరు మార్చాడు.

ఈ ముక్క ఆఫీసులో చెబితే, తోటి ఉద్యోగి ఒకాయన నిట్టూర్చాడు. 'పాపం, అతను అట్లా అయిపోయాడు. మీరు మాత్రం మాలాగే ఉన్నారండీ' అన్నాడు. మాకు చెప్పలేని కోపం వచ్చింది. సంగీతం హరామా కాదా అనే పేచీ మాలో కొత్తది కాదు. ఏడొందల ఏళ్ళ కింద, ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ దర్బారులో, సమా వింటున్నాడని నిజాముద్దీన్ ఔలియానే పిలిపించి ఉలేమాలు వాదించారు. ఆ వాదన ఇప్పటికీ మా ఇళ్ళల్లో, దస్తర్ మీద, అన్నం తింటూ నడుస్తూనే ఉంది. అది మా ఇంటి మాట. మేం కొట్లాడుకుంటాం, కలిసి చాయ్ తాగుతాం. అందులోంచి ఒకరిని తీసి మంచి ముస్లిం అని, ఇంకొకరిని తీసి చెడ్డ ముస్లిం అని దండలు, ముద్రలు వేసే పని మీకెవరిచ్చారు? గిటార్ విన్నందుకు మాకొచ్చే సర్టిఫికెట్, మా దోస్తుకు పడే మచ్చ ఒకే కాగితానికి రెండు వైపులు. ఆ కాగితం మాకొద్దు. మమ్మల్ని పాట దాకా మోసుకుపోయింది అతని కారే.

ఇంకొక మాట. 'వీళ్ళు వాళ్ళు కాదు' అనే మాట మా మీద పుట్టినప్పటి నుంచీ పడుతున్నదే. ఒకవైపు నుంచి అంటారు: మీ తాతముత్తాతలు ఇక్కడివాళ్ళే, మతం మారారు, అసలు ఇంటికి తిరిగి రండి. ఇంకోవైపు నుంచి అంటారు: మీ దాదీ నల్లపూసలు వేసుకుంది, మీ తాత పీరు ఎత్తుకున్నాడు, అది అసలు ఇస్లాం కాదు, అసలుకు రండి. ఇద్దరూ 'అసలు' అనే మాటతోనే కొడతారు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, నమాజులో అరబ్బీ, చెవిలో అరామిక్. ఇందులో ఏది తీసేస్తే మేం అసలు అవుతాం? మొదలుపెట్టిన ఇద్దరూ లేకుండా కూడా ఆ బ్యాండ్ ఆ పేరుతోనే పాడుతోంది. పోయినవాళ్ళ పాటలు దాచిపెట్టలేదు, వాళ్ళలాగే పాడాలని మొండికెయ్యలేదు. రోజూ కూర్చుని వాయించుకున్నారు గనుక ఆ పేరు నిలబడింది. మా పేర్లు కూడా అట్లాగే నిలబడ్డాయి. మా నానీలు పాడిన పాట మేం మార్చి పాడాం, మా బిడ్డలు ఇంకోరకంగా పాడతారు.

2018 డిసెంబర్‌లో జునూన్ వాళ్ళు కరాచీలో మళ్ళీ కలిసి వాయించారు. మేం ఫోన్‌లోనే చూశాం. ఎదురుగా చూసే రోజు వస్తుందో రాదో మా చేతుల్లో లేదు. క్యాసెట్ కాల్చిన అమ్మీ ఇప్పుడు ముసలిదైంది. మొన్న పండక్కి వెళ్తే, మనవరాలి ఫోన్‌లో 'సయోనీ' మోగుతోంది. ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. మేం ఊపిరి బిగబట్టాం. ఆమె కిటికీ వైపు ఒకసారి చూసి, మూయకుండానే వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. 'కొంచెం తగ్గించు బేటా' అంది. ఆపమనలేదు.